మా వీధి జ్వరం తగ్గించిన మౌస్

జ్వరానికి మందు మాత్ర అనుకునే అమాయకులారా, మేలుకోండి! అసలు మందు మౌస్. చూపుడు వేలితో ఒక్క నొక్కు చాలు. నమ్మరా? అయితే వరంగల్‌లో మా వీధికి రండి. దోమలే ఎదురొచ్చి దారి చూపిస్తాయి.

మా దగ్గర ఒకానొక ఆఫీసుంది. పేరెందుకు లెండి, పాపం! అందులో ఓంప్రకాశ్ గారనే మ్యాప్ నిపుణులున్నారు. ఎవరికి డెంగీ వచ్చినా ఆయన కంప్యూటర్ మ్యాప్‌లో ఎర్రచుక్క పడుతుంది. చుక్కలు ఒకచోట గుంపైతే దాన్ని క్లస్టర్ అంటారు. క్లస్టర్ కనిపించిందా, మురికికాలువ తీయించాలి, ఫాగింగ్ బండి పంపాలి, పైవాళ్లకు జవాబు చెప్పాలి. నాలుగు చుక్కల కోసం ఇంత శ్రమా? అందుకే ఆ సాఫ్ట్‌వేర్ చేసిన మహానుభావులు అక్కర్లేని క్లస్టర్లను తీసేసే బటన్ కూడా పెట్టారు. ఎవరికి అక్కర్లేనివి అని అడగకండి. అది సాంకేతిక విషయం.

మా వీధివాళ్లకు ఇంటి నంబరు గుర్తుండదు. గ్యాస్ సిలిండర్‌కైనా, పెళ్లి కార్డుకైనా, దవాఖాన చీటీకైనా అందరం ఒకే అడ్రసు చెబుతాం: "రాజమౌళి కిరాణం ఎదురుంగ."

ఈ వానాకాలం సగం వీధి మంచమెక్కింది. అందరి చుక్కలూ వెళ్లి రాజమౌళి కొట్టు ముందు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఒకే చోట ఇన్ని జ్వరాలా? ఒకే మనిషిని పదిసార్లు ఎక్కించి ఉంటారని ఓంప్రకాశ్ గారు తేల్చేశారు. నొక్కారు. సగం వీధి జ్వరం క్షణంలో మాయం! ఏ డాక్టర్ చేయగలడండీ ఈ పని?

దీన్ని ఇంకా విస్తరించాలని నా మనవి. వానొస్తే మునిగే కాలనీలా? నొక్కండి! ఎండిపోయిన పత్తి చేలా? నొక్కండి! జిల్లా అంతా స్వర్గమైపోతుంది, కనీసం తెర మీద.

మా పక్కింటి దీనమ్మకు మాత్రం ఈ సైన్సు బుర్రకెక్కలేదు. ఆమె కూతురు జ్యోతి ప్లేట్‌లెట్లు పడిపోయి దవాఖానలో ఉంది. జ్యోతి పసిబిడ్డ దీనమ్మ ఒళ్లో ఉంది. ఆ పసిదానికి జ్వరం రాకముందే కాలువ తీయించమని అడగడానికి ఆమె దాన్ని ఎత్తుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చింది. ఈసారి ఇంటి నంబరు కనుక్కుని మరీ చెప్పాం. ఓంప్రకాశ్ గారు మర్యాదస్తులు. జ్యోతి చుక్కను సరిగ్గా వాళ్లింటి మీదే పెట్టి, వెంటనే తీసేశారు.

"ఒక్క చుక్క క్లస్టర్ కాదమ్మా. నాయిస్ అంటరు దాన్ని. ఉత్త లొల్లి అన్నట్టు. ఏం ఫికర్ చెయ్యకు."

దీనమ్మ అరవలేదు.

"సారూ, వాడకట్టంత జరంతోని పడితే ఒక్కరే అంటిరి. నా బిడ్డ ఒక్కతే అంటే ఎవ్వరు లేరంటున్నరు. మరి ఎంతమందికొస్తే కనబడ్తది మీకు?"

ఆయన మ్యాప్ వైపు చూశారు. ఒక్క ఎర్రచుక్కా లేకుండా మా వీధి పచ్చగా ఉంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. దీనమ్మ ఒళ్లో నిద్రపోతున్న పసిదాని చెంప మీద దోమలు కుట్టిన ఎర్రచుక్కలు, ఒకేచోట గుంపుగా ఉన్నాయి.

అయ్యా ఓంప్రకాశ్ గారూ, ఈ క్లస్టర్‌ను తీసేయండి, చూద్దాం!