రంగూన్ మర్యాదలు

ఆ సోమవారం పొద్దున పరంజ్యోతి మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓడ ఎక్కేలోగా రంగూన్ మర్యాదలన్నీ ఇంట్లోనే సాధన చేసెయ్యాలి, అక్కడికి వెళ్ళాక తడుముకోకూడదు. ఇందులో ఉన్న ఇబ్బందల్లా ఒక్కటే. ఆయన్ను ఓడ ఎక్కమని ఇంకా ఎవరూ చెప్పలేదు.

మైపాడు దారిలో ఉన్న ఒక ఊరి మిషన్ బడిలో ఆయనా, ఆయన భార్య ఎలిశబెతూ టీచర్లు. రంగూన్ బియ్యం మిల్లుల్లో పనిచేసే తెలుగు కూలీల పిల్లలకు ఏడాదిపాటు జీతం తీసుకోకుండా చదువు చెప్పేవాళ్ళు ఒకరు కావాలని పందొమ్మిది వందల యాభై ఎనిమిదిలో నెల్లూరు నుంచి కబురొచ్చింది. ఎవరిని పంపాలో తేల్చవలసింది సంఘపెద్ద క్రీస్తుదాసు. ఆదివారం కోతల పండుగ అయ్యాక చెబుతానన్నాడాయన. పరంజ్యోతి అంతవరకూ ఆగలేకపోయాడు. యాభైకి దగ్గరపడుతున్నా గూడూరు దాటి ఎరగడు. ఇది తప్పిపోతే ఇక ఈ జన్మకు సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూడాల్సిందే. ఆ ఆత్రంలో, తాను వెళుతున్నానని చాకలి మొదలు బస్సు కండక్టరు దాకా అందరికీ చెప్పేశాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ట్రంకుపెట్టెకు రంగు కూడా వేయించాడు.

మర్యాదలు నేర్పినవాడు నరసయ్య. వెనకటికి రంగూన్‌లో పనిచేసి, జపాను యుద్ధంలో కాలినడకన తిరిగొచ్చేసి, ఇప్పుడు ఊళ్ళో బడ్డీకొట్టు నడుపుకుంటున్నాడు. ఎవరికి ఏమిచ్చినా, ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నా కుడిచేత్తోనే చెయ్యాలన్నాడు. ఎడమచేతిని కుడి మోచేతికి ఆనిస్తే అది గౌరవమన్నాడు. పాదాలు ఎవరివైపూ చాపకూడదన్నాడు. అన్నిటికన్నా ముఖ్యమైనది మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.

"మాస్టారూ, అక్కడ ఎవురి తలా తాకబాకండి. తల వాళ్ళకు దేవుడి గుడి లెక్క. నేను పోయిన కొత్తల్లో ఓ బిడ్డను ముద్దుజేసి తల నిమిరినా. వాళ్ళ నాయన చూసిన చూపు నాకింకా గుర్తుండాది."

ఆ రోజు నుంచి పరంజ్యోతి సుద్దముక్క అందించినా, మజ్జిగ గ్లాసు అందుకున్నా ఎడమచెయ్యి కుడి మోచేతి కిందకు చేరిపోయేది. బుధవారం క్రీస్తుదాసు మనవడి మొదటి పుట్టినరోజు వచ్చింది. పాస్టరుగారు మనుబోలు వెళ్ళడంతో, బిడ్డ తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చెయ్యమని పరంజ్యోతినే అడిగారు. పెద్దాయన ఇంట ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదని ఆయన చాలాసేపు, చాలా బాగా ప్రార్థించాడు. చెయ్యి మాత్రం బిడ్డ తలకు జానెడు ఎత్తున గాలిలోనే ఉంచాడు. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు, ఒక్క నాయనమ్మ మగ్దలీనమ్మ తప్ప. ప్రార్థనలో ఎవరెవరు కళ్ళు తెరిచారో చూడటం ఆవిడకు ముందు నుంచీ అలవాటు.

ఆ సాయంత్రమే బిడ్డ తలను దీపం దగ్గర పెట్టి వెతికారు. చుండ్రు లేదు, పొక్కు లేదు, పేను లేదు. తలలో లోపం లేకపోతే చేతిలోనే ఉండాలని మగ్దలీనమ్మ తేల్చింది. మిఠాయిపళ్ళెం అందుకునేటప్పుడు మాస్టారు కుడిచేతిని ఎడమచేత్తో మోసుకున్నట్టు పట్టుకోవడం ఆవిడకు అప్పుడు గుర్తొచ్చింది. బడిపిల్లలను అడిగితే వాళ్ళూ అవునన్నారు. తెల్లవారేసరికి మాస్టారికి చెయ్యి పడిపోతున్నదన్న వార్త కాలువ దాటింది.

గురువారం నుంచి ఇంటికి జనం రాక మొదలైంది. పేరమ్మ ఆముదం తెచ్చింది, ఓబులేసు వావిలాకు తెచ్చి కాపడం పెట్టుకోమన్నాడు. సముద్రప్రయాణం చేసేవాడికి ఊరు ఇంత గౌరవం చేస్తున్నదని పరంజ్యోతికి కళ్ళు చెమర్చాయి. ఒక్కొక్క సీసానూ మోచేతికి చెయ్యి ఆనించి మరీ వినయంగా పుచ్చుకున్నాడు. చూసినవాళ్ళు నాలుక చప్పరించుకుంటూ వెళ్ళారు.

శనివారం క్రీస్తుదాసే వచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"పరంజ్యోతీ, నిన్నే పంపాలనుకున్నా. చెయ్యి పడిపోయినోణ్ణి ఓడెక్కించి, రేపేదన్నా అయితే నీ భార్యకు నేనేం జవాబు చెప్పేది?"

అప్పటికి గాని పరంజ్యోతికి ఆముదం అర్థం కాలేదు. నిజం చెప్పేస్తే ఒక్క నిమిషంలో తీరిపోయేది. కానీ ఎంపిక కాకముందే సాధన మొదలుపెట్టానని ఏ నోటితో చెప్పడం? మాటలకన్నా చేతలే మేలనుకున్నాడు.

కోతల పండుగనాడు చర్చి ముందు కానుకలు పోగుపడ్డాయి. గుమ్మడికాయలు, కోళ్ళు, బియ్యం, నడుమ క్రీస్తుదాసు ఇచ్చిన ధాన్యం బస్తా. ఆ కానుకల వేలంపాట మొదలవబోతుండగా పరంజ్యోతి కండువా నడుముకు బిగించి, అందరూ చూస్తుండగా కుడిభుజం మీదికి ఆ బస్తా ఎత్తబోయాడు. సగం లేచింది. భుజంలో ఏదో కటుక్కుమంది. ఆ తర్వాత బస్తా ఆయన మీద కూర్చుంది.

చేతికి కట్టుకట్టి చర్చి వసారాలో కూర్చోబెట్టాక, నేను చెప్పలా అన్నట్టు మగ్దలీనమ్మ అందరి వంకా చూసింది. ఇక లాభం లేదని ఎలిశబెతు ముందుకొచ్చి, తల సంగతీ మోచెయ్యి సంగతీ పాదాల సంగతీ ఒక్కటీ వదలకుండా విడమరిచి చెప్పింది. వింటున్న నరసయ్య అక్షరం పొల్లుపోలేదన్నాడు.

"ఇయ్యన్నీ నీకెట్టా తెలుసమ్మా?" అన్నాడు క్రీస్తుదాసు.

"నరసయ్యన్న ఈయనకు చెప్తుంటే నేనూ పక్కనే ఉన్నా గదండీ."

"మరి నువ్వు ఒక్కరోజన్నా చేసినట్టు లేదే?"

"నేనింకా నెల్లూరు జిల్లాలోనే ఉండాను గదండీ," అన్నది ఎలిశబెతు.

క్రీస్తుదాసు కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆమె కూడా ట్రైనింగు అయిన టీచరే. కూతురు గుంటూరులో నర్సు చదువుకుంటున్నది, ఇంట్లో చంటిపిల్లలు లేరు. ఎక్కడ ఎలా ఉండాలో తెలిసిన మనిషిని పెట్టుకుని ఇంకొకర్ని వెతకడమెందుకన్నాడు.

ఎలిశబెతు భర్త వైపు చూసింది. పరంజ్యోతికి భుజం నొప్పి కాసేపు తెలియలేదు, అంతకన్నా పెద్ద నొప్పి లోపల పుట్టింది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కానీ ఆమె ముఖంలో ఆశ చూశాడు. అంత ఆశను ఆ ముఖంలో ఎప్పుడు చూశాడో గుర్తులేదు. తనతో పాటే ఆమె కూడా గూడూరు దాటలేదన్న సంగతి ఇన్నేళ్ళలో తనకు ఒక్కసారైనా తట్టనందుకు సిగ్గేసింది.

"పోయిరా ఎలిశబెతూ," అన్నాడు. "ట్రంకుపెట్టె రంగు ఆరిందిలే."

ఆమె మద్రాసులో ఓడ ఎక్కి వెళ్ళింది. రంగూన్ గురించి ఆ ఊళ్ళో ఎవరికి ఏ సందేహం వచ్చినా ఇప్పుడు పరంజ్యోతి మాస్టారినే అడుగుతారు. వెళ్ళినవాళ్ళకు సలహాలిచ్చే తీరిక ఎక్కడుంటుంది?