నిర్భయంగా రండి

వరద అందరినీ సమానంగా ముంచుతుంది. ప్రకృతిలోని ఈ లోపాన్ని సరిదిద్దడానికే పోలీసు శాఖ ఉంది.

ఆ ఉదయం కాలువ గట్టు తెగి వీధిలోకి నీళ్ళొచ్చాయి. వెనకే మైకు కట్టిన పడవ వచ్చింది. "అందరూ మెరక మీది బడికి చేరండి. గేటు దగ్గర గుర్తింపు కార్డులు పరిశీలిస్తాం. వారంటు ఉన్నవాళ్ళని అరెస్టు చేస్తాం. నిర్భయంగా రండి." (చివరి మాట రెండుసార్లు చెప్పారు. మొదటిసారి ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు.)

వీధి చివరింటి టైలరమ్మ కుట్టుమిషన్ని మంచమెక్కించి, అత్తగారిని దాని పక్కన కూర్చోబెట్టి, తను మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఇదంతా విన్నది. ఆమె మీద వారంటు ఉంది. నేరం చిన్నది కాదు. ఆమె స్కూటరు పోయింది. ఫిర్యాదు చేసింది, దొంగ దొరికాడు. సాక్ష్యానికి రమ్మన్న సమన్లు మాత్రం ఆమె ఎప్పుడో ఖాళీ చేసిన ఇంటికి వెళ్ళాయి. ఆమె రాలేదు కనుక కోర్టు వారంటు వేసింది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి జీపు కనబడితే పక్క సందులోకి తిరిగిపోతోంది.

"మీరు పడవెక్కండత్తయ్యా. నేను డాబా మీదుంటాను."

"ఎందుకే? నువ్వేమన్నా దొంగతనం చేశావా?"

"చేసుంటే భయమే లేదు. ఆ దొంగ ఒక్క వాయిదా కూడా మానలేదట."

"అయితే నేనూ డాబా ఎక్కుతా," అంది అత్తగారు. ఆవిడ మోకాళ్ళు గుమ్మం కూడా దాటనివ్వవు. కోడలు ఆవిడని ఎత్తి పడవలో కూర్చోబెట్టి, తనూ ఎక్కింది.

బడి గేటు దగ్గర గొడుగు కింద విపత్కాల వారంట్ల అధికారి కూర్చున్నాడు. (ఈ పదవిని నిన్ననే సృష్టించారు. దుప్పట్ల సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.) ఆయన కార్డు చూసి, ట్యాబు నొక్కి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"తల తుడుచుకోండమ్మా, జలుబు చేస్తుంది. మిమ్మల్ని అరెస్టు చేస్తున్నాం."

"సార్, పోయింది నా స్కూటరే."

"అందుకేనమ్మా."

అత్తగారు కోడలి చెయ్యి వదల్లేదు. తీసుకెళ్దామంటే జీపు నీళ్ళలో ఉంది, స్టేషనూ నీళ్ళలోనే ఉంది. అధికారి బాగా ఆలోచించి, కోర్టుకు క్రమం తప్పకుండా హాజరయ్యే మనిషెవరైనా పూచీ ఉంటే ఇక్కడే ఉండనివ్వవచ్చని తేల్చాడు. అందరినీ అడిగారు. అంత చక్కని హాజరు ఒక్కడికే ఉంది. లోపల టీ పోస్తున్నవాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"నేనుంటా సార్. ఈవిడ నాకు బాగా తెలుసు, నా కేసులో ఫిర్యాది. మంచి మనిషి."

టైలరమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నా స్కూటరేం చేశావురా?"

"ముందు టీ తాగక్కా," అన్నాడు వాడు.

తాగింది. బాగానే ఉంది, ఏం చేస్తాం.

వీధంతా పట్టే హాలు సగానికి సగం ఖాళీగా ఉంది. కిటికీలోంచి డాబాలు కనబడుతున్నాయి. ఒకదాని మీద వాయిదా మరిచిపోయిన ఆటో అతను, పిల్లని భుజానికెత్తుకున్న అతని భార్య. ఇంకోదాని మీద ఎవరి పెళ్ళి గొడవ కేసులోనో పేరెక్కిన అన్నదమ్ములు. నీళ్ళు ఆ ఇళ్ళ కిటికీలు దాటి పైకొస్తున్నాయి.

"బాబూ, వాళ్ళ దగ్గరికి పడవ పంపరా?" అనడిగింది అత్తగారు.

"ఎలా పంపుతామమ్మా," అన్నాడు అధికారి, అటే చూస్తూ. "వాళ్ళు పరారీలో ఉన్నారు."