భాగీరథమ్మ ఇచ్చిన ఒక్క స్టారు

శనివారం పొద్దున పదకొండింటికి ఒక నిచ్చెన అరువు తెచ్చుకోవాలి. అచ్యుత్ పెట్టుకున్న పని అంతే. దొరికితే ప్రాజెక్టు అతనిది. దొరక్కపోతే ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరు.

బెంగళూరు యలహంకలోని తమ అపార్టుమెంటులో వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడానికి అతనొక యాప్ చేశాడు. మధ్యలో సర్వరు లేదు, పెత్తనం చేసేవాడూ లేడు. ఎవరిని నమ్మాలో ఫోన్లే ఒకదాన్నొకటి అడిగి తేల్చుకుంటాయి. అడిగిన వస్తువు ఇచ్చేవాళ్ల మీద నమ్మకం పెరుగుతుంది, వాళ్లు ఇతరులకిచ్చే స్టార్లకు బరువూ పెరుగుతుంది. ఈ వింత చూడటానికి అతని ఆఫీసు మేనేజరు సమీనా స్వయంగా వచ్చి సోఫాలో కూర్చుంది.

అచ్యుత్ నిచ్చెన అడిగాడు. ముప్పై ఫోన్లూ ఒకే మాట చెప్పాయి: "ఈ వ్యక్తి నమ్మదగినవాడు కాదు."

"నెట్‌వర్క్ ప్రాబ్లమ్ మేడమ్," అని నవ్వి, భార్య వర్షిణి ఫోను తీసుకుని అడిగాడు. ఆవిడ అతనికంటే నమ్మరానిదట! భవనం మొత్తం మీద అరువు తీసుకునేవాళ్లలో నమ్మదగినవాడు ఒక్కడే మిగిలాడు, మూడో అంతస్తు ఓంకార్. నిరుడు తీసుకెళ్లిన నిచ్చెనను ఇంతవరకూ తిరిగివ్వని పెద్దమనిషి.

తీగ లాగితే డొంకంతా ఎదురింట్లో కదిలింది. అక్కడుండే భాగీరథమ్మ ఇడ్లీపాత్ర మొదలు ఇస్త్రీపెట్టె దాకా ఎవరేమడిగినా లేదనదు. కాబట్టి ఆమె స్టార్లకే అందరికంటే బరువు. అచ్యుత్ సమీనాను వెంటబెట్టుకుని ఆమె గుమ్మం ముందుకెళ్లాడు.

"ఆంటీ, నాకు ఒక్క స్టారే ఇచ్చారా? నా మీద కోపమా?"

"కోపమెందుకప్పా? బంగారట్లా పిల్లోడివి. నిండుగా అయిదిస్తే దిష్టి తగల్దా? వర్షిణి ఇంకా మంచిదని ఆమెకి రెండుసార్లు ఒకటిచ్చినా."

"మరి ఓంకార్‌కి అయిదెందుకిచ్చారు?"

"నా నిచ్చెన ఇంకా వాని ఇంట్లోనే ఉండాది. తగలనీ వానికి!"

"ప్లీజ్ ఆంటీ, నాకూ అయిదు ఇచ్చేయండి."

"నీకు అయిదిచ్చేంత తప్పు నువ్వేం చేసినావప్పా?"

సమీనా కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "నీ కోడ్ కరెక్టే అచ్యుత్. ఒక్కరి మాటకి బిల్డింగంతా పడిపోతోంది, అది ఫిక్స్ చెయ్. ప్రాజెక్ట్ నీదే," అంటూ తన ఫోన్లో అతనికి అయిదు స్టార్లు కొట్టింది. అచ్యుత్‌కు ప్రాణం లేచివచ్చింది.

భాగీరథమ్మ మొహం మాత్రం పాలిపోయింది. "ఆ పాపకి ఏం ద్రోహం చేసినావప్పా!" అంటూ ఉప్పూ మిరపకాయల కోసం లోపలికి పరుగెత్తింది.

అరువు తీసుకునేవాళ్లలో తానొక్కడే నమ్మదగినవాడని అందరి ఫోన్లలోనూ చూసి సిగ్గుపడిన ఓంకార్, సాయంత్రం నిచ్చెన తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టాడు.

భాగీరథమ్మ ఎంతో సంతోషించి, అతనికి ఒక్క స్టారు ఇచ్చింది.