పూజలో ఉన్న కంప్యూటర్

భార్య ముందుగా పోవడం భర్తకు చేసే మోసం. ఇందులో వాదనకు తావు లేదు. కాటన్‌పేటలో నూలు అంగడి నడిపే మునిరాజును పార్వతమ్మ అలాగే మోసం చేసి పోయింది. బతికినన్నాళ్లూ ప్రతిదానికీ వాదించిన మనిషి, ఆ ఒక్క విషయంలో వాదించే సందు కూడా ఇవ్వలేదు.

ఆమె పోయాక అంగడి మీది ఇంట్లో మిగిలింది కొడుకు భరత్, కోడలు సౌమ్య, హాల్లో ఒక ముసలి కంప్యూటర్. భరత్‌కు జిగణిలోని ఫ్యాక్టరీలో పని. ఇంట్లో ఉంటే నిద్రలో ఉంటాడు. సౌమ్యకు వంట, అంగడి బిల్లులు. ఇక తీరికగా మునిరాజుతో మాట్లాడేది కంప్యూటర్ ఒక్కటే.

పార్వతమ్మ ఉన్న రోజుల్లో అతను లెక్కలు చూస్తున్నానని చెప్పి అందులో పేకాట ఆడేవాడు. వంటింట్లోంచి పిలిచి పిలిచి ఆమె గొంతు బొంగురుపోయేది. "నేను అరిచింది చాలు, ఇంక అదే అరవనీ" అని కోడలి చేత ఒక ఏర్పాటు చేయించింది. కాసేపు ఎవరూ ముట్టకపోతే తెర నల్లబడి, పెద్ద పెద్ద అక్షరాలు వరసగా పాకుతూ వచ్చేవి:

"చూసింది చాలు. లేసి రాండి. సంగటి చల్లారిపోతా ఉండాది."

ఆమె పోయినా ఆ మాట పోలేదు. మౌస్ కాస్త కదిలితే మాయమైపోతుంది కాబట్టి మునిరాజు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవాడు.

"చూసింది చాలు."

"నేనేం చూసినానే? అంతా చూసుకొని నువ్వే ముందు పోతివి."

"లేసి రాండి."

"యాడికి? నీ దగ్గరికా?"

"సంగటి చల్లారిపోతా ఉండాది."

పెళ్లయిన నాటి నుంచీ ఆమె అంతే. అడిగినదానికి జవాబు చెప్పదు.

అలా సాగుతున్న కాపురంలోకి వ్యాట్ పన్ను వచ్చిపడింది. కొత్త బిల్లుల ప్రోగ్రామ్ పాత విండోస్ 98లో నడవదట, ఎక్స్‌పీ వేయాలట. కంప్యూటర్లు బాగుచేసే దామోదర్‌ను సౌమ్య పిలిపించింది. ఏ జబ్బుకైనా ఒకటే మందు చెబుతాడని వీధిలో అతన్ని ఫార్మాట్ దామోదర్ అంటారు.

"అంతా తుడిచేసి ఫ్రెష్‌గా వేస్తా అంకుల్. లెక్కలు కాపీ చేసిస్తా. మిగతాదంతా చెత్తే కదా?"

మునిరాజు ముఖం గంటు పెట్టుకున్నాడు. అందులో నా పెళ్లాం ఉందని ఏ నోటితో చెబుతాడు?

"బాగుండేదాన్ని సుమ్మనే ఎందుకప్పా మార్చేది?"

"అత్తమ్మ గూడా మార్చమని పోరింది కదా మామా" అంది సౌమ్య.

నిజమే. హూడిలో చెల్లెలి ఇంట్లో ఎక్స్‌పీ తెర మీద పచ్చటి గుట్ట చూసి వచ్చి, అలాంటిది మనకూ కావాలని పార్వతమ్మ పోరింది. "గుట్ట చూడాలంటే నంది బెట్టకు పో" అన్నాడు మునిరాజు. తీసుకుపోలేదు కూడా.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. మునిరాజుకు ఉపాయం తట్టింది. తక్కెడ, కత్తెర, స్కూటర్‌తోపాటు కంప్యూటర్ పెట్టెకూ బొట్టు పెట్టి చేమంతి దండ వేశాడు. మరునాడు పూజ ముగిసిందన్నట్టు మిగతావన్నీ కదిలించి పనిలోకి తీసుకున్నాడు. కంప్యూటర్‌ను మాత్రం కదిలించలేదు.

దామోదర్ సీడీ పట్టుకుని వచ్చాడు.

"ముట్టొద్దప్పా. ఇంకా పూజలో ఉండాది."

"ఎప్పుడు కదిలిస్తారు మామా?" అంది సౌమ్య.

"మంచి దినం చూసి."

మంగళవారం మంచిది కాదు. శనివారం అసలే కాదు. అమావాస్య సరేసరి. పంచాంగంలో కంప్యూటర్‌కు సరిపడే దినం ఒక్కటీ లేకుండాపోయింది.

అయితే పూజలో ఉన్నదానికి నైవేద్యం పెట్టాలి. ఇన్నాళ్లూ ఆ పని పార్వతమ్మది. బెల్లం ఆకులో పెట్టాలని ఆమెకు తెలుసు. మునిరాజు బొరుగులూ బెల్లమూ తెచ్చి నేరుగా పెట్టె మీదే పోశాడు. సౌమ్య మార్కెట్‌కు పోగానే మిషన్ వేసి, తలుపు మూసి, చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. రోజూ అదే వరస. పెట్టె వేడెక్కేది. బెల్లం కరిగి సందుల్లోకి దిగేది. దాని వెనకే చీమలు దిగాయి.

ఒకరోజు "లేసి రాం" దాకా వచ్చి టప్పుమంది. పొగ వచ్చింది. తెర చీకటైపోయింది.

"పార్వతీ!" అని అరిచాడు మునిరాజు.

సంచీతో తలుపు అవతల నిలబడి ఉన్న సౌమ్య ఆ కేక వింది. మెట్లు దిగి పోయి దామోదర్‌ను పిలుచుకొచ్చింది.

దామోదర్ పెట్టె విప్పి వెనక్కి గెంతాడు. "ఇది సిస్టమ్ కాదంకుల్, పుట్ట! నాగులచవితికి ఇక్కడే పాలు పోయొచ్చు. హార్డ్ డిస్క్ డెడ్. లెక్కలు మేడమ్ ముందే కాపీ పెట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇంకేమన్నా ఉండెనా ఇందులో?"

"ఏమీ లేదు" అన్నాడు మునిరాజు. గోడవైపు తిరిగి కూర్చుని రెండు పూటలూ అన్నం వద్దన్నాడు.

కొత్త డిస్కులో ఎక్స్‌పీ వచ్చింది. పచ్చటి గుట్ట వచ్చింది. మునిరాజు ఓరగా చూశాడు. గుట్ట మీద ఎవరూ లేరు.

"కదలకుండా కూర్చోండి మామా" అంది సౌమ్య, వంటింట్లోకి పోతూ.

అతను కూర్చున్నాడు. చేతులు వాటంతటవే తొడల కిందికి పోయాయి. తెర నల్లబడింది. అక్షరాలు పాకుతూ వచ్చాయి.

"నేనుండగానే వినింటే ఏం పోయుండె? లేసి రాండి. సంగటి చల్లారిపోతా ఉండాది."

మునిరాజు వంటింటివైపు తిరిగాడు. "ఏమ్మా, ఇది ఎవురు రాసినారు?"

"అత్తమ్మ మాటే మామా. పోయే ముందు ఆస్పత్రిలో చెప్పి పెట్టింది. 'ఆయన మార్చనీడు. ఎట్లోకట్ల ఆయన చేత్తోనే పాతదాన్ని చెడగొడతాడు. ఆ దినం ఇది ఎక్కించు' అనింది."

మునిరాజు తొడల కింది నుంచి చేతులు తీశాడు. లేచి వెళ్లి కంచం ముందు కూర్చున్నాడు. సంగటి పొగలు కక్కుతోంది.

"ఈ కంప్యూటర్ మాట ఇంక నా దగ్గర ఎవురూ ఎత్తొద్దు" అన్నాడు. ఎవరైనా ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. తానుగా కూడా ఎన్నడూ ఎత్తలేదు.