ఫౌంటెన్ చూడబోయిన బక్కయ్య

కామాటిపురాలో అద్దెగదుల చాళ్లన్నింటిలో తనంత దౌర్భాగ్యుడు లేడని బక్కయ్య నమ్మకం. పేరుకు బక్కయ్యే గాని, మనిషి పక్కకు తిరిగితే తప్ప గుమ్మంలో పట్టడు. బాధంతా ఆదివారంతోనే. ఆరు రోజులు కింది నల్లా నుంచి మూడో అంతస్తుకు నీళ్లు మోసేది పెళ్లాం రత్నాబాయి. ఏడో రోజు అతని వంతు. పోయినేడు అతను రిటైరైన నాడే ఆవిడ ఈ తీర్పు చెప్పింది. దానిమీద అప్పీలు లేదు.

నీళ్లు సాయంత్రం నాలుగింటికి వచ్చి ఐదింటికి పోతాయి. డ్రమ్ము నిండాలంటే ఇరవై బిందెలు. ఎనిమిదో బిందెకే బక్కయ్యకు చచ్చిపోయిన తండ్రి మెట్లమీద కనబడి రమ్మని పిలుస్తాడు.

అందుకే ఆ ఆదివారం ఒక పథకం వేశాడు. ఆ గంటసేపు ఇద్దరూ ఇంట్లో లేకపోతే చాలు. ఎండిన డ్రమ్ము సంగతి సోమవారం రత్నాబాయే చూసుకుంటుంది.

“రత్నా, పెండ్లయి ముప్పై ఏండ్లాయె. నీకు ఫ్లోరా ఫౌంటెన్ ఒక్కపారన్న మంచిగ చూపియ్యలే. నడువు, పోదాం.”

“మరి నీళ్లు?”

“ఒక్కనాడు నీళ్లు లేకుంటే సచ్చిపోతమా?”

బతిమాలడానికి నాలుగు మాటలు సిద్ధం చేసుకున్నాడు గాని, అవసరం పడలేదు. ఆవిడ పట్టుచీర కట్టుకొని అతనికన్నా ముందే మెట్లు దిగింది. అప్పుడే అతనికి అనుమానం రావాల్సింది. సంతోషంలో పట్టించుకోలేదు.

బస్సు దిగి చౌక్‌లో నిలబడ్డారు. చుట్టూ పాత రాతి భవనాలు, మధ్యలో శిల్పాల ఫౌంటెన్, దాని నెత్తిన పూలదేవత. నీళ్లు జలజలా పడుతున్నాయి.

“ఇసువంటి రాళ్లన్ని మోసింది మా ముత్తాతలే,” అన్నాడు రొమ్ము విరుచుకొని. నిజమో కాదో ఆ ముత్తాతలకే తెలియాలి.

“వాళ్లు రాళ్లు మోసిన్రు. నీకు బిందె బరువాయె.”

బక్కయ్య లేని దగ్గు తెచ్చుకున్నాడు.

రత్నాబాయి చూపు నీళ్లమీదే ఉంది. “ఈడ నీళ్లు ఎన్ని గంటలదాంక వస్తయి?”

“ఆగయి. అవే తిరిగి తిరిగి వస్తయి.”

“తాగనీకె గాదు, తానానికె గాదు.” తలెత్తి విగ్రహాన్ని చూసింది. “ఈడ గూడ నీళ్లకాడ ఆడదాన్నే నిలబెట్టిన్రు. మొగోడు యాడ తిరుగుతున్నడో.”

ఐదయింది. బక్కయ్య ముఖానికి దిగులు పులుముకున్నాడు. “అరెరె, మన నీళ్లు పోయినట్టే గద.”

“యాడ పోతయి. ఎల్లమ్మ నింపుతున్నది.”

ఎల్లమ్మ వాళ్ల పైఅంతస్తులో ఉంటుంది. లాభం లేనిదే తుమ్మదు కూడా. “ఊకనే నింపుతున్నదా?” అన్నాడు అనుమానంగా.

“ఊకనే ఎందుకు నింపుతది. రేపు మహబూబ్‌నగర్ పోతున్నది, నెల దినాలకు. ఇంట్ల అత్త ఒక్కతే ఉంటది. ఆమెకు దినాం నువ్వు నింపుతవని మాటిచ్చిన.”

బక్కయ్య పక్కనున్న రాతి గట్టుమీద చతికిలబడ్డాడు. “నేను బైటికి తీస్కపోతనని నీకెట్ల ఎరుక?”

“పోయిన ఆదివారం దాదర్ల సభ అంటివి. అంతకుముందు వర్లిల పెద్దనాయనకు పానం బాగలేదంటివి. ఆయనేమో మన చాల్ కిందనే చాయ్ తాగుతుండె. ఒక్కనివే పోయే సాకులు ఒడిసినయి, ఈపారి నన్ను గూడ తీస్కపోతవని బేస్తారమే చీరె ఇస్త్రీ చేసి పెట్టిన.”

“ముసలమ్మ ఒక్కతే గద. నాలుగు బిందెలు చాలు గద?”

“రెండు పూటల తానం చేస్తది.”

బక్కయ్యకు ఏడుపొచ్చింది. నడిచౌక్‌లో ఏడిస్తే బాగుండదని దిగమింగుకున్నాడు. “ఇంకొంచెంసేపు ఈడనే కూసుందమా?”

రత్నాబాయి కొంగు సర్దుకొని పక్కన కూర్చుంది. “కూసో. రేపటిసంది నీకు కూసునే యాళ్ల యాడ దొరుకుతది.”