సెలైన్‌కు ముహూర్తం

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఈశ్వరమ్మ పిత్తాశయంలోని రాళ్లు తీయాలన్నది ఏర్పాటు. రాత్రి నుంచి ఆమె గుక్కెడు నీళ్లు తాగలేదు, నొప్పికి ఆసుపత్రి మంచం కమ్మీ పట్టుకుని పడుకుంది. పేచీ అంతా భర్త సోమేశ్వర్ సేటుతోనే. జనగామలో తన కిరాణా కొట్టు ముందుకు లారీ వచ్చినా ముహూర్తం చూడనిదే బస్తా దించనివ్వని మనిషి ఆయన. పంతులు ఏడు పదికి మంచి ఘడియ అన్నాడు. డాక్టరేమో తొమ్మిదికి గానీ రాడు.

"ముహూర్తానికి జర ముట్టిస్తే చాలు బిడ్డా. అసలు పని ఎప్పుడన్న చేసుకోండ్రి" అని సేటు కొత్త నర్సు ప్రియను బతిమాలాడు. కాదనలేక ఆ పిల్ల సెలైన్ సంచికి గొట్టం గుచ్చి, దాని మీద 7.10 అని రాసి, ఈశ్వరమ్మకు ఎక్కించకుండానే కొక్కేనికి తగిలించింది. సేటు దానికి దండం కూడా పెట్టాడు.

ఎనిమిది యాభైకి హెడ్ నర్సు తుల్సీబాయి ఆ అంకెలు చూసింది. ఆమెకు కోపం రాని రోజులు తక్కువే, ఆ రోజు మాత్రం న్యాయంగా వచ్చింది.

"గొట్టం గుచ్చినంక గంటలోపు ఎక్కియ్యాలె, లేకుంటే పారెయ్యాలె. లోపల క్రిములు చేరితే సీదా నెత్తుర్లకు పోతయి. ప్రియా, నీకు నేర్పింది గిదేనా?" అంటూ సంచి పీకి చెత్తబుట్టలో పడేసింది.

సేటు దాన్ని బుట్టలోంచి తీసి తువ్వాలతో తుడిచాడు. "ముహూర్తం గిండ్లనే ఉన్నది సిస్టరమ్మా."

"చెత్తల వడ్డ చక్కెర నీ కొట్ల అమ్ముతవా సేటూ? ఇది మాత్రం నీ పెండ్లానికి ఎక్కియ్యాల్నా?"

ఆమె అటు తిరగగానే ఆయన దాన్ని మళ్లీ కొక్కేనికి తగిలించాడు. తుల్సీబాయి ఈసారి కత్తెరతో కోసి చేతులు కడిగే తొట్టిలో పారబోసింది. సేటు కళ్ల ముందే ముహూర్తం మోరీ పాలైంది.

తొమ్మిదింటికి డాక్టర్ మహేందర్ వచ్చి, "రెడీ పెట్టండి, వస్తున్న" అని తన గదిలోకి వెళ్లాడు. తొమ్మిది ఐదుకు తుల్సీబాయి కొత్త సంచి గుచ్చింది. పది ఐదైనా ఆయన జాడలేదు. దానికీ గంట నిండింది.

"మొదటిది పారవోసిన పాపమే గిది" అన్నాడు సేటు. తుల్సీబాయి పళ్లు నూరుకుంటూ రెండో సంచిని బుట్టలోకి విసిరి, వెళ్లి డాక్టర్ గది తలుపు తోసింది. ఆయన చాయ్ తాగుతున్నాడు.

"పదిన్నర దాక రాహుకాలం ఉన్నది గద సిస్టర్."

అంత చదువు చదివిన మనిషి నోట ఆ మాట విని తుల్సీబాయికి ఒళ్లు మండిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి మాట వినిపించింది. ఆపరేషన్ గౌనులో ఈశ్వరమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది, పక్కన సేటు.

"రాయి నా కడుపుల ఉన్నది. నొప్పి నాది. రాత్రి సంది నాలుక పిడచగట్టింది. ముహూర్తాలు మీ ఇద్దరికెందుకయ్యా? నేను పోయి బల్ల మీద పండుకుంట. ఆ చాయ్ ఆడ వెట్టి రా సారు."

డాక్టర్ లేచాడు. సేటు అడ్డం రాబోయి, భార్య మొహం చూసి పక్కకు జరిగాడు. డాక్టర్ బల్ల దగ్గరికి వచ్చాకే తుల్సీబాయి మూడో సంచికి గొట్టం గుచ్చింది. పది ఇరవై ఐదుకు కోత పడింది. పదకొండున్నరకల్లా రాళ్లన్నీ బయటికొచ్చాయి.

రాహువు నుంచి ఇంతవరకు ఫిర్యాదేమీ రాలేదు.