ట్రామా ఇన్ఫార్మ్ చేయు విధానము

సంరక్షణ సిబ్బందిలో ఏ ఒక్కరి మనసూ సోమవారం ఉదయం పది గంటల నుంచి నొచ్చుకోరాదని సంక్షేమ మంత్రిగారు ఉత్తర్వు జారీ చేశారు. పదిలోపు నొచ్చుకున్నవి పాత నిబంధనల కిందికి వస్తాయి. ఇంత స్పష్టమైన ఉత్తర్వును నేను ఈమధ్య చూడలేదు. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. ఇప్పుడు ప్రభుత్వ వృద్ధాశ్రమంలో తొమ్మిదో నంబరు మంచం మీద ఉంటున్నాను. కాళ్లు రిటైరయ్యాయి. కళ్లూ చెవులూ ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

ఆ ఉత్తర్వును మా డైరెక్టరుగారు భోజనాల హాల్లో మైకు పెట్టి చదివారు. ఇకపై మనది ట్రామా ఇన్ఫార్మ్‌డ్ సంస్థ అని ప్రకటించారు. అంటే ఏమిటని సిబ్బందిలో ఎవరో అడిగారు. డైరెక్టరుగారు ఏ ప్రశ్నకూ తడబడే మనిషి కాదు. ట్రామా అంటే మనసుకు తగిలే దెబ్బ అని, అది తగిలినవారు ఇరవై నాలుగు గంటల్లోగా ఆఫీసుకు ఇన్ఫార్మ్ చేయాలని, రాతపూర్వకంగా మూడు కాపీలు ఇవ్వాలని, ఆలస్యమైతే సంజాయిషీ చెప్పుకోవాలని వివరించారు. అందరికీ అర్థమైంది.

మొట్టమొదట ఇన్ఫార్మ్ చేసింది మా వార్డు ఆయా. ఆమెను అందరం పెద్దక్క అంటాం. ఇరవై మంది ముసలివాళ్లకు ఆమె ఒక్కతే. మమ్మల్ని లేపి, కడిగి, తినిపించి, పక్కకు తిప్పి, చివరికి మా చేత తిట్లు తినేది కూడా ఆవిడే. మా వార్డులోనే కండక్టరు తాత అని ఒకాయన ఉన్నాడు. ఆయన బస్సు దిగి పాతికేళ్లయింది గానీ, బస్సు ఆయన బుర్రలోంచి దిగలేదు. వార్డంతా ఆయనకు బస్సే. టికెట్ లేనివాళ్లను నిర్దాక్షిణ్యంగా దింపేస్తాడు. ఆ వారం పెద్దక్కను తలుపు దగ్గర తోసి దింపేశాడు. ఆమె మోచేయి చీరుకుంది. ఆ గాయం మూడు రోజుల్లో మానింది. ఆయన మంచం దగ్గరికి వెళ్లేసరికి ఆమె చేతిలో పళ్లెం గడగడలాడటం మాత్రం మానలేదు.

ఫారం నింపిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. పదకొండు పేజీలు. ట్రామా పాతదా, కొత్తదా? ఈ రంగంలో ఎన్నేళ్ల అనుభవం ఉంది? ట్రామా పొందే ముందు పై అధికారి అనుమతి తీసుకున్నారా? నేను వరసగా అడుగుతూ పోయాను. అన్నిటికీ ఆమెది ఒకటే జవాబు.

"అవన్నీ ఎందుకు బాబాయిగారూ. నాతో ఇంకో మనిషిని వెయ్యమనండి. ఒకరు ఆయన్ని మాటల్లో పెడితే ఒకరం పని చేసుకుంటాం."

దానికి ఫారంలో గడి లేదు. మార్జిన్లో రాశాను. 'మార్జిన్ ఖాళీగా ఉండవలెను' అన్న వ్యాఖ్యతో ఫారం మర్నాడే తిరిగొచ్చింది.

అలాగని డైరెక్టరుగారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సిబ్బంది కాసేపు కూలబడి టీ తాగే గదిలోంచి బెంచీ, స్టవ్వు తీయించేశారు. గోడలకు లేత నీలం రంగు వేయించి 'మనశ్శాంతి గది' అని బోర్డు పెట్టించారు. జనం వచ్చి కూర్చుంటే గది మాసిపోతుందని తాళం తన దగ్గరే ఉంచుకున్నారు. మనసు కలత పడబోయేవారు రెండు రోజుల ముందు పేరు రాయించుకుంటే తాళం ఇస్తారు. పేరు రాయించుకోనివారికి అన్యాయం జరగకూడదని, ఆ గదిలో టేపు మీద మోగే జలపాతం చప్పుడును స్పీకర్లు పెట్టి వార్డులన్నిటికీ వినిపించారు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు ధారగా పడుతున్న చప్పుడు. మనశ్శాంతి సంగతి నాకు తెలియదు గానీ, ఇరవై మందికీ పావుగంటకోసారి ఒంటేలుకు వచ్చేది. పెద్దక్క బెడ్‌పాన్ పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు పరుగులు పెట్టేది. దీన్ని నివేదికలో 'సిబ్బందిలో పెరిగిన చురుకుదనం' అని రాశారు.

ఆ చురుకుదనాన్ని కళ్లారా చూడటానికి మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. హాల్లో వేదిక కట్టారు. మమ్మల్ని చక్రాల కుర్చీల్లో వరసగా కూర్చోబెట్టారు. సిబ్బంది నిర్భయంగా మాట్లాడే కార్యక్రమం అది. నిర్భయంగా ఏం మాట్లాడాలో డైరెక్టరుగారు ముందే టైపు చేయించి పంచారు. పెద్దక్క తన కాగితాన్ని ఒకసారి చూసి, మడిచి ఆప్రాన్ జేబులో పెట్టుకుని మైకు అందుకుంది.

"అయ్యా, ఆ వార్డులోకి వెళ్లాలంటే నాకు చేతులు వణుకుతున్నాయి. ఆ తాతది తప్పు కాదు. నాతో ఇంకో మనిషిని వెయ్యండి, చాలు."

డైరెక్టరుగారి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. మంత్రిగారు మాత్రం కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. ఫొటోగ్రాఫరుకు అందలేదని ఇంకోసారి తుడుచుకున్నారు. వణుకు అనేది మన మనసులోనే ఉంటుందని, ఎదురు నిలిస్తే అదే పారిపోతుందని, తాను పుట్టి బుద్ధెరిగాక దేనికీ వణకలేదని చెబుతుండగా కండక్టరు తాత కుర్చీలోంచి లేచి వేదిక ఎక్కాడు.

"టికెట్."

మంత్రిగారు చిరునవ్వు నవ్వి, తాను మంత్రినని తెలియజేశారు.

"అయితే పాస్ చూపించు."

పాస్ లేదు. తాత నోటితో ఈల వేసి మంత్రిగారిని దింపేశాడు. వేదిక అడుగున్నర ఎత్తే కాబట్టి మోచేయి కొద్దిగా చీరుకుందంతే. సెక్యూరిటీ వాళ్లు తాత మీదికి వస్తుంటే పెద్దక్క అడ్డంగా నిలబడింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి. జేబులోంచి ఖాళీ మాత్రల అట్ట ఒకటి తీసి తాతకు అందించింది.

"కండక్టరుగారూ, ఆయన నాతోనే వచ్చారు. ఇద్దరికీ కొట్టండి."

తాత ఆ అట్టకు గోటితో రెండు చిల్లులు పెట్టి ఇచ్చి, మంత్రిగారిని లోపలికి జరగమని చెప్పి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. మంత్రిగారు కారెక్కేదాకా ఆ అట్టను చేతిలోంచి వదల్లేదు.

ప్రభుత్వం నిద్రపోతోందని అనేవాళ్లు తర్వాత జరిగింది వినాలి. మంత్రిగారి ట్రామా రెండు గంటల్లో ఇన్ఫార్మ్ అయింది. మర్నాటికల్లా రెండో మనిషి మంజూరైనట్టు ఉత్తర్వు వచ్చింది. పెద్దక్క ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మొహం మతాబులా వెలుగుతోంది. నేను చదివి వినిపించాను. బస్సు కనబడితే చాలు మంత్రిగారికి గుండె దడ వస్తున్నందున, వారి బంగళాలో ఇప్పటికే ఉన్న సహాయకురాలికి తోడుగా, అనుభవజ్ఞురాలైన మా వార్డు ఆయాను తక్షణం డెప్యుటేషన్ మీద పంపవలెను.

ఆమె కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. నా దుప్పటి సర్దింది.

"కండక్టరుగారికి అన్నం పెట్టేముందు ఒక టికెట్ అడగమని చెప్పండి బాబాయిగారూ. లేకపోతే ముద్ద ముట్టరు."

ఎవరికి చెప్పాలో నేను అడగలేదు. ఆమె వెళ్లి జీపెక్కింది.

ఆమె చోట్లో ఎవరినీ వెయ్యలేదు. పక్క వార్డు ఆయా పరుగున వచ్చి, ఇన్ని మెతుకులు పెట్టి పరుగున పోతోంది. ఆవిడ మనసు ఆ వార్డు లెక్కలోకి వస్తుంది. నెల తిరిగేసరికి గణాంకాలు వెలువడ్డాయి. మా వార్డులో మనసు నొచ్చుకున్న సిబ్బంది సంఖ్య సున్నా. ఇంతవరకు ఏ సంస్థా ఈ ఘనత సాధించలేదట. మాకు ఉత్తమ వార్డు అవార్డు ఇచ్చారు.

నిన్న పొద్దున డైరెక్టరుగారు ఇత్తడి ఫలకం స్వయంగా తీసుకొచ్చారు. అందుకోవడానికి సిబ్బంది ఎవరూ కనబడకపోవడంతో దాన్ని నా మంచానికి కుడిపక్క బల్ల మీద నిలబెట్టి, ఫొటో తీయించుకుని వెళ్లారు. చాలా బాగా చేయించారని అందరూ అంటున్నారు. నేను ఎడమవైపుకు ఒత్తిగిలి ఉన్నాను. తిప్పేవాళ్లు ఎవరైనా రాగానే చూస్తాను.